షికారు వాళ్ళది, నేరం మనదా? – పల్లె, గూడెం పిల్లల వేట చదువు

మన దేశంలో చదువు చరిత్ర రాసినవాళ్ళు గురుకులాల గురించి రాశారు, వీధిబడుల గురించి రాశారు, మిషన్ స్కూళ్ళ గురించీ రాశారు. ఆ బడుల గడప తొక్కనివ్వని పిల్లలు ఆ వందల ఏళ్ళూ ఏం నేర్చుకున్నారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు అన్న ప్రశ్న మాత్రం వాళ్ళకు రాలేదు. బడి లేదు కాబట్టి చదువు లేదు అని తేల్చేశారు. ఐదారేళ్ళ యానాది పిల్లోడు గట్టు మీద నడుస్తూ ఈ బొక్కలో ఎలుక ఉంది, ఆ బొక్క పాతది, దాని జోలికి పోవద్దు అని చెప్పగలడు. ఇది ఎవరో నేర్పితే వచ్చిందే, పుట్టుకతో వచ్చింది కాదు. నేర్పిన పద్ధతి ఉంది, నేర్పిన మనుషులున్నారు. ఆ చదువును రాజ్యం, పుస్తకం, బడి మూడూ కలిసి నేరంగా ఎట్లా మార్చాయో ఈ వ్యాసంలో చూడదలిచాం.

ముందు ఆ చదువు ఎట్లా ఉంటుందో చెప్పుకోవాలి. ఎందుకంటే మన విశ్వవిద్యాలయాల్లో దీన్ని 'ఆహార సేకరణ దశ' అని ఒక్క ముక్కలో దాటేస్తారు. వరి కోతలయ్యాక నెల్లూరు, గుంటూరు వైపు చేలల్లో యానాదోళ్ళు ఎలుకలు పట్టడానికి వస్తారు. పెద్దోళ్ళ చేతిలో గునపం, అడుగున చిల్లి ఉన్న చిన్న కుండ ఉంటాయి. కుండ నిండా గడ్డి కుక్కి, నిప్పు పెట్టి, మూతిని బొక్కకు ఆనించి, అడుగు చిల్లిలోంచి ఊదితే పొగ లోపలికి పోతుంది. చూడటానికి ఇంతే. కానీ ఎలుక బొక్కకు దారి ఒకటే ఉండదు. మిగతా కన్నాలు గట్టుకు అవతల, పుంతలో, గడ్డి దుబ్బు కింద ఉంటాయి. వాటిని వెతికి మడమతో తొక్కి మూసేది పిల్లలు. తాజా మట్టి ఎక్కడ పడి ఉందో చూడటం, ఒక్క కన్నం వదిలిపెట్టి అక్కడ కదలకుండా కూచోవడం, పొగకు ఉక్కిరిబిక్కిరై బయటికొచ్చినదాన్ని పట్టుకోవడం వాళ్ళ పని. తప్పుగా మూస్తే ఆ పూట కూర లేదు. తవ్వితే లోపల ఎలుక దాచుకున్న వరి వెన్నులు దొరుకుతాయి. ఆ వడ్లు దంచుకున్న ఇళ్ళు ఎన్నో. రైతు చేను కాపాడినందుకు కూలి, ఎలుక, వెన్నులు ఇవన్నీ ఒకే పనిలో ఉన్నాయి. మన వ్యవసాయ శాస్త్రం ఎలుకల నివారణ అని పేరు పెట్టి పాఠం చెబుతుంది గానీ, ఆ పాఠానికి గురువులెవరో చెప్పదు.

మాల మాదిగ పల్లెల్లో పిల్లలకు ఇంత పనితనం లేదు. మన వేట ఎక్కువగా నీళ్ళలోనే. చెరువు ఎండేటప్పుడు బురదలో దిగి ఊతతో చేపలు పట్టడం, గట్టు బొక్కలో చెయ్యి పెట్టి ఎండ్రకాయను లాగడం, నత్తలు ఏరడం. తొలకరి వాన పడ్డ రాత్రి దీపం పెట్టి ఉసిళ్ళు పట్టి, వేయించుకు తినడం. ఎండ్రకాయ బొక్కకూ పాము బొక్కకూ తేడా చెప్పేది అన్నో మామో. ముందు వాళ్ళు చెయ్యి పెట్టి చూపిస్తారు, తర్వాత మన చెయ్యి పట్టుకుని పెట్టిస్తారు, ఆ తర్వాత వదిలేస్తారు. యానాదులు, యెరుకలు, చెంచులు సర్కారు జాబితాలో తెగలు, మనం కులాలం. చేలగట్ల మీద పిల్లలు కలిసే తిరిగారు. అయినా ఒకటి దాచకూడదు. యానాది పిల్లోడు మన గుమ్మంలోకి వస్తే మన అవ్వలు కూడా 'దూరంగా ఉండు' అన్నారు. ఎలుక తినేవాణ్ణి చూసి ఎండ్రకాయ తినేవాడు ముక్కు మూసుకోవడం కులం నేర్పిన చదువే.

ఈ బతుకును తీపి చేసి చెప్పడం మా ఉద్దేశం కాదు. మన పిల్లలు ఆరుబయట పెరిగారంటే దానికి సగం కారణం జీతం. ఏడెనిమిదేళ్ళకే దొర పశువుల వెంట, బర్రెల వెంట పంపారు. తండ్రి తీసుకున్న అప్పుకు కొడుకు పాలేరయ్యాడు. ఇది నేరం అని రాసిన వెట్టిచాకిరీ నిషేధ చట్టం కాగితం 1976లో వచ్చింది. వచ్చాక కూడా చాలా ఊళ్ళకు ఆ కాగితం చేరలేదు. అడవీ చేనూ ఆ పిల్లోడికి స్వేచ్ఛ కాదు, పని. ఆ పని మధ్యలో ఉండేలుతో ఒక పిట్టనో, ఉచ్చు పెట్టి ఒక కంజునో పట్టి, పుల్లల మీద కాల్చుకు తిన్న పూట మాత్రం అతనిది. మధ్యాహ్నం గంజికి దిక్కులేని పిల్లోడికి వేట అంటే ఆటా, అన్నమూ రెండూ.

ఆడపిల్లల సంగతి వేట కథల్లో కనపడదు. నల్లమలలో 1940లో చెంచుల మధ్య ఉండి రాసిన హైమండార్ఫ్ (ఆయన పుస్తకం 1943లో అచ్చయింది) ఒక విషయం స్పష్టంగా చెప్పాడు. చెంచుల కడుపు నింపింది విల్లు కాదు, ఇనుప మొన ఉన్న తవ్వుకోల. గడ్డలు, దుంపలు, ఆకులు, పళ్ళు ముఖ్యమైన తిండి. మాంసం ఎప్పుడో ఒకసారి. తవ్వుకోల పట్టి తల్లి వెనక పోయే పిల్లకు ఏ తీగ కింద గడ్డ ఊరి ఉంటుందో, ఏది చేదో తెలుసు. అయినా చెంచు అనగానే మన సినిమాలకు విల్లమ్ములే గుర్తొస్తాయి. మన చరిత్రకారులూ అక్కడే ఆగిపోయారు.

ఇక పుస్తకాల సంగతి. తెలుగు బడిపిల్లలు తరతరాలుగా చదివిన చిన్నయసూరి నీతిచంద్రిక 1853 నాటిది. మిత్రలాభం మొదట్లోనే ఒక కిరాతుడు నూకలు చల్లి వల పన్నుతాడు. పావురాలు మంచివి, ఎలుక మంచిది, కాకి కూడా మంచిదే. చెడ్డవాడు ఒక్క వేటగాడే. అతనికి పేరు లేదు, ఇల్లు లేదు, ఆకలితో ఉన్న బిడ్డలు లేరు. యానాది పిల్లోడు మొదటిసారి బళ్ళో కూచుని ఈ కథ విన్నప్పుడు ఎవరి పక్షం చేరాలి? రామాయణం కథ కూడా ఇట్లాంటిదే. క్రౌంచపక్షిని కొట్టిన నిషాదుడికి ముందు శాపం, ఆ శాపమే ఆదికవిత్వం. అదే రామాయణంలో దశరథుడు చప్పుడు విని బాణం వేసి నీళ్ళకొచ్చిన పిల్లవాణ్ణి చంపుతాడు. చనిపోతూ ఆ పిల్లవాడు తన తల్లి శూద్ర అనీ, తండ్రి వైశ్యుడనీ చెప్పి, బ్రహ్మహత్య భయం వద్దని రాజును ఊరడిస్తాడు. దశరథుడికీ శాపం తగిలింది, కాదనం. కానీ నిషాదుడు శాపంతోపాటు కథలోంచి మాయమయ్యాడు. రాజు మీద మాత్రం మనం కాండలకు కాండలు జాలిపడాలి. మనుచరిత్రలో స్వరోచి వేట వర్ణనను పరీక్షలకు చదివించే మాస్టారు, అదే వారం ఉడుము పట్టుకొచ్చిన పిల్లోణ్ణి 'అనాగరికుడా' అంటాడు.

ధూర్జటిని కొంచెం వేరుగా చూడాలి. 16వ శతాబ్దంలో శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యంలో బోయల పిల్లవాడు తిన్నడి బాల్యం చెబుతూ అతని తోటి పిల్లల ఆటల పేర్లు వరసపెట్టి చెప్పాడు. ఆనాటి పిల్లల ఆటల జాబితా మనకు మిగిలింది ఒక వేటగాడి కొడుకు పుణ్యమే. అయితే తిన్నడు కన్నప్ప కావాలంటే కన్ను పీకి ఇవ్వాల్సి వచ్చింది. ఏకలవ్యుడు బొటనవేలు ఇచ్చాడు. మన పిల్లల విద్యను పురాణం ఒప్పుకున్న ప్రతిసారీ ఒక అవయవం అడిగింది.

పాలకుల వేటకు పేరు షికారు. 1902లో వైస్రాయ్ కర్జన్ నిజాం రాజ్యంలో వరంగల్ వైపు నెక్కొండ దగ్గర పులుల్ని వేటాడినప్పుడు లాలా దీన్‌దయాళ్ తీసిన ఫొటోలున్నాయి. దొర, దొరసాని, కింద పులి. పులిని తుపాకి ముందుకు తోలడానికి అడవిని చుట్టుముట్టి డప్పులు కొట్టిన వాళ్ళ పేర్లు ఏ ఫొటో కిందా లేవు. తెలంగాణలో ఈ హాకా వెట్టిలో భాగం. పులి అడుగు పోల్చింది, అది ఏ వాగు దాటుతుందో చెప్పింది ఆ పేరులేని మనుషులు. కాల్చిన కీర్తి దొరది.

ఇక్కడ బాలల స్కౌటింగ్ చరిత్రను పక్కన పెట్టి చూస్తే విషయం బాగా తెలుస్తుంది. స్కౌటింగ్ స్థాపకుడు బేడెన్ పవెల్ ఇండియాలో గుర్రపు దళం అధికారి. ఇక్కడ అడవిపందుల్ని ఈటెతో పొడిచే ఆట ఆడి, 1883లో కాదిర్ కప్పు గెలిచి, 1889లో దాని మీదే పుస్తకం రాశాడు. 1908లో బాలుర కోసం స్కౌటింగ్ పుస్తకం వేశాడు. అడుగుజాడలు పోల్చడం, చప్పుడు లేకుండా నడవడం, ఆరుబయట నిప్పు రాజేసి వండుకోవడం, చెట్టూ పిట్టా గుర్తుపట్టడం అందులో పాఠాలు. 1916లో ఎనిమిదేళ్ళ నుంచి ఉన్న చిన్నపిల్లల కోసం తోడేలు పిల్లలు అనే దళం పెట్టి, కిప్లింగ్ జంగిల్ బుక్ కథల్ని వాడుకున్నాడు. ఇండియాలో మొదట ఈ దళాలు యూరోపియన్, ఆంగ్లో ఇండియన్ పిల్లలకే. మన దేశం పిల్లల్ని చేర్చుకోలేదు కాబట్టే 1916లో అనీబిసెంట్ మద్రాసులో వేరే స్కౌట్ సంఘం పెట్టింది. 1921లో రెండూ కలిశాయి.

అవే ఏళ్ళలో మన పిల్లలకు ఏం జరిగింది? 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1911లో కొత్తగా రాసి మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా తెచ్చారు. యెరుకలను నేరస్థ తెగగా ప్రకటించారు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్మెంటును సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. అక్కడి మనుషులు చీరాల పొగాకు ఫ్యాక్టరీకి కూలీలయ్యారు. 1924 చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఆరేళ్ళు పైబడి పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరు చేసి సంస్కరణ బడుల్లో పెట్టే అధికారం సర్కారుకుంది. ఎందుకు వేరు చేయాలి? తండ్రి వెంట తిరిగితే తండ్రి విద్య వస్తుంది కాబట్టి. రాత్రిపూట నడవడం, జాడ తీయడం, ఉచ్చు పన్నడం వస్తాయి కాబట్టి. తెల్లపిల్లోడు అదే నేర్చుకుంటే శీలం, పౌరసత్వం. ఛాతీకి బిళ్ళ పెట్టారు. యెరుకల పిల్లోడు నేర్చుకుంటే వేలిముద్ర తీశారు. మద్రాసులో ఈ చట్టం 1947లో, దేశమంతటా 1952లో పోయింది. పోలీసు స్టేషన్లలో దాని వాసన పోవడానికి ఇంకా చాలా కాలం పట్టింది.

అడవి చట్టాల కథ ఇంకొక దారి. 1882 మద్రాసు అటవీ చట్టంతో అడవి రిజర్వు అయింది. స్వతంత్రం వచ్చాక 1972 వన్యప్రాణి రక్షణ చట్టంలో వేటకు లైసెన్సులు ఉండేవి. పెద్ద జంతువులకొకటి, చిన్నవాటికొకటి. ఫీజు కట్టి తుపాకి పట్టగలిగినవాళ్ళ కోసం. 1991 సవరణ ఆ లైసెన్సుల్ని తీసేసింది. జంతువులు తగ్గిపోతున్నాయి, రక్షణ కావాలి, మేము కాదనడం లేదు. నల్లమల పులుల్ని ఖాళీ చేసింది చెంచుల ఉచ్చులా, జీపుల్లో వచ్చిన తుపాకులా అని మాత్రం అడుగుతున్నాం. 2006 అటవీ హక్కుల చట్టం చారిత్రక అన్యాయం సరిదిద్దుతున్నాం అని చెప్పుకుంది. తేనె, గడ్డలు, చేపలు, పశువుల మేత అన్నీ ఒప్పుకుంది. సంప్రదాయ హక్కుల జాబితా చివర వేట తప్ప అని రాసింది. కుందేలుకు ఉచ్చు పెట్టడం కొడుక్కి చూపించే చెంచు తండ్రి ఈరోజు కేసు భయంతో చూపించాలి. ఆ తండ్రే అటవీశాఖ బేస్ క్యాంపులో దినకూలికి పులి జాడ తీస్తాడు. పులుల లెక్క ఆయన కళ్ళ మీద నడుస్తుంది. కళ్ళు కావాలి, ఆ కళ్ళు తయారైన బాల్యం మాత్రం వద్దు.

ఇంకో దారి లేదనలేం. తమిళనాడులో ఇరులర్లు 1978లో పాములు పట్టేవాళ్ళ సహకార సంఘం పెట్టుకున్నారు. విషం తీసి పామును వదిలేస్తారు, ఆ విషంతో పాముకాటు మందు తయారవుతుంది. 2023లో ఇద్దరు ఇరులర్ పాములవాళ్ళకు పద్మశ్రీ ఇచ్చారు. విద్య పోలేదు, చట్టం లోపల బతికింది. యానాదులకు, చెంచులకు అట్లాంటి ఏర్పాటు చేయాలని మన సర్కార్లకు తట్టలేదు.

మన ఉద్యమంలోనే ఒక వాదన ఉంది. 'ఎలుకలు పట్టే బతుకు మనకెందుకు, పిల్లల్ని బడికి పంపండి, గొడవ తీరుతుంది' అంటారు. 1927లో మహాడ్‌లో అంబేద్కర్ చచ్చిన గొడ్డు మాంసం మానమన్నాడు కదా అని గుర్తుచేస్తారు. బడి విషయంలో మాకు రెండో మాట లేదు. మా ఇళ్ళల్లో డిగ్రీ చూసిన మొదటి తరం మేమే. కానీ అంబేద్కర్ మానమన్నది ఊరు నెత్తిన రుద్దిన మిగులు తిండిని, దానితోపాటు వచ్చే చాకిరీని. బిడ్డకు తండ్రి నేర్పిన చూపును కాదు. దొర చేలో ఎలుకలు పట్టే పని కులవృత్తిగా యానాది నెత్తినే ఉండాలంటే దాన్ని మేమూ వ్యతిరేకిస్తాం. ఆ పనిలో ఉన్న జ్ఞానం వేరు, ఆ పనికి కట్టేసిన కులం వేరు. రెంటినీ కలిపి పారేస్తే నష్టపోయేది మన పిల్లలే. నగరాల్లో డబ్బున్న ఇళ్ళ పిల్లలకు వేసవి శిబిరాల్లో టెంటు వేయడం, నిప్పు రాజేయడం, పిట్టల్ని గుర్తుపట్టడం ఫీజు తీసుకుని నేర్పుతున్నారు. ఆశ్రమ పాఠశాలలో చేరిన చెంచు పిల్లకు మాత్రం అడవి దసరాకు, సంక్రాంతికి, ఎండాకాలానికి దొరికే సెలవు. ఆరేళ్ళకు వెళ్ళి పదహారేళ్ళకు తిరిగొచ్చిన పిల్లకు తీగ పేరు తెలుగు వాచకంలో ఉంటే తెలుసు, లేకపోతే లేదు.

టీచర్లు, విద్యార్థులు చేయదగిన పని ఒకటుంది. ఎలుక బొక్కల రకాలకు, ఉచ్చుల ముడులకు, చేపల బుట్టలకు, ఉసిళ్ళు లేచే వానకు మన ఇళ్ళల్లో ఉన్న పేర్లలో సగం ఏ నిఘంటువులోనూ లేవు. ఊరూరా ఆ మాటలు చెప్పగలిగిన అవ్వలు, తాతలు ఇంకా ఉన్నారు. వేసవి సెలవుల్లో ఊరికి పోయినప్పుడు ఒక నోటుబుక్కు పట్టుకుపోవాలి. వాళ్ళను కూచోబెట్టి అడగడం కాదు, గట్టు మీద వాళ్ళ వెనక నడిచి, చూపించినప్పుడు రాసుకోవాలి. పక్కన పిల్లలు కూడా ఉంటే మంచిది.