మన్రో గొలుసు నుంచి ఫోన్‌లో ఫైలు దాకా: మన చేని హద్దు కథ



పోయిన దుక్కుల్లో మా చేని ఉత్తరం పక్క హద్దురాయి ట్రాక్టర్ తగిలి పడిపోయింది. అది యాడుండేదో నేనొకటి చెప్తే, పక్క చేని అన్న ఇంకొకటి చెప్పినాడు. రెండడుగుల నేల కోసం నెల రోజులు మాటల్లేవు. ఆ టైములో హద్దును మునుపు ఎట్ల రాసిపెట్టినారు, ఇప్పుడెట్ల రాస్తున్నారు అని కొంచెం చదివినా. మీకూ పనికొస్తుందని రాస్తున్నా.

కథ మన గుత్తి సీమ నుంచే మొదలు. 1800లో నిజాం మన జిల్లాలను ఇంగ్లీషు కంపెనీకి వదిలేసినాడు. అప్పుడు కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1802లో చేను చేనూ కొలిపించడం మొదలుపెట్టినాడు. గొలుసు పొడుగు 33 అడుగులు. పొడుగు ఒక గొలుసు, వెడల్పు ఒక గొలుసు అయితే గుంట. 40 గుంటలైతే ఎకరం. తెలంగాణలో, కర్ణాటకలో ఇప్పటికీ ఆ గుంటల లెక్కే. మన్రో 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో చనిపోతే మన గుత్తిలోనే పూడ్చినారు. తర్వాత ఎముకలను మద్రాసు తీసుకుపోయినారు. ఆయన కొలిపించింది శిస్తు కోసమే. అయినా ఏ చేను ఎంత, ఎవరిది అనేది కాగితం మీదికి ఎక్కింది.

ఆ తర్వాత కాలంలో 66 అడుగుల గొలుసు, దానికి 100 లింకులు. ఆ లింకుల లెక్కతో గీసిందే మనం ఎఫ్.ఎమ్.బి. అనే పటం. మంచి పటమే. కానీ అసలు ఆఫీసులో ఉంటుంది, చదవడం సర్వేయరుకే వస్తుంది. కాగితం చినిగితే అంతే.

ఇప్పుడు మూడో రకం వచ్చింది. దాని పేరు కె.ఎం.ఎల్. అమెరికాలో కీహోల్ అనే చిన్న కంపెనీ ఉండేది. దాన్ని 2004లో గూగుల్ కొనింది, 2005లో గూగుల్ ఎర్త్ వచ్చింది. కె.ఎం.ఎల్.లో కె అంటే ఆ కీహోలే. 2008లో ఓపెన్ జియోస్పేషియల్ కన్సార్టియం అనే సంస్థ దాన్ని ప్రమాణంగా ఒప్పుకుంది. అంటే ఒక్క గూగుల్ సొత్తు కాదు, ఎవరైనా వాడుకోవచ్చు. ఇదే సంస్థ అంతకుముందే 2000లో జి.ఎం.ఎల్. అనేది తెచ్చింది. అది ఆఫీసులు ఒకరికొకరు పటాల లెక్కలు పంపుకోవడానికి. కె.ఎం.ఎల్. మనలాంటోళ్లు చూసుకోవడానికి.

వీటిని మార్కప్ భాషలు అంటారు. పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. శెనక్కాయ విత్తనం మూటకు "కె-6" అని చీటీ కడతాం కదా, అట్ల ప్రతి మాటకూ ముందొక చీటీ, వెనకొక చీటీ. ఇది పేరు, ఇది హద్దు, ఇవి మూలలు అని. ఆ ఫైలును మామూలు రాత మాదిరే తెరిచి చదవచ్చు. చేను చుట్టూ నడిచినట్టే మూలలు వరసగా రాయాల. చివర మళ్లీ మొదటి మూలనే రాయాల, లేకుంటే చుట్టు మూసుకోదు.

ఒక జాగ్రత్త. కె.ఎం.ఎల్.లో రేఖాంశం ముందు, అక్షాంశం తర్వాత. గుత్తికి 77.63, 15.12. ఫోన్ మ్యాప్‌లో చూపించేది తిరగేసి, అక్షాంశం ముందు. అట్లే కాపీ కొడితే మన చేను ఉత్తర ధ్రువం పక్క, నార్వే దేశపు స్వాల్‌బార్డ్ మంచు దీవిలో పడుతుంది! నేను మొదటిసారి చేసింది అదే.

ఇంకొకటి. చుక్క తర్వాత నాలుగో అంకె ఒకటి తేడా వస్తే నేల మీద 11 మీటర్లు, ఐదో అంకె అయితే ఒక మీటరు. అంకెలెన్ని ఉన్నా మన ఫోన్ జీపీఎస్ బయలులోనే నాలుగైదు మీటర్లు తప్పు చూపిస్తుంది. రెండడుగుల గొడవ దాంతో ఏం తెగుతుంది? 2020 డిసెంబర్‌లో మన రాష్ట్రంలో మొదలైన రీసర్వేలో రోవర్లు వాడింది అందుకే. అవి సెంటీమీటర్ల లెక్క పట్టుకుంటాయి. అయినా చాలా ఊర్లలో విస్తీర్ణం తేడా వచ్చిందని రైతులు అర్జీలు పెట్టినారు. మిషను తన ముందు పెట్టిన మూలనే కొలుస్తుంది. ఆ మూల సరైందా కాదా చెప్పాల్సింది గెనిమ మీద నిలబడిన మనమే.

మా గొడవ కూడా ఫైలుతో తీరలేదు. ఎఫ్.ఎమ్.బి. నకలు తీసుకొని, సర్వేయరు ముందర ఇద్దరం నిలబడి రాయి నాటించినాం. ఆ రోజే నాలుగు మూలలూ నడిచి కె.ఎం.ఎల్. చేసి, రాయి రాయికీ ఫోటో తీసి, ఆ అన్నకు వాట్సాప్‌లో పంపినా. ఇద్దరి దగ్గరా ఒకే ఫైలుంది. రేపు మా పిల్లోళ్లు ఏ బెంగుళూరులోనో ఉన్నా, రాయి యాడుందో వెతుక్కోవడానికి దారి ఉంటుంది.

ఫైలు పట్టా కాదు, కోర్టులో ఒక్కటే నిలబడదు. కానీ సర్వే వాళ్లు వచ్చిన రోజు పనులున్నాయని ఇంట్లో ఉండొద్దు. పక్క చేని వాళ్లను పిల్చుకొని పోండి. మన్రో కాలంలో రాసిన లెక్క మన తాతలు చదవలేకపోయినారు. ఇది మనం చదవగలం. చదివి, తప్పుంటే అప్పుడే చెప్పండి.