పీడీఎఫ్ పంపితే సరిపోతుందా? కాలేజీలో వికలాంగ విద్యార్థులు ఏ సదుపాయాలు అడగొచ్చు, ఎవరిని అడగాలి

చల్లపల్లిలో డిగ్రీ చదివే ఒక అమ్మాయిని ఊహించుకోండి. చూపు లేదు. చేతిలో మామూలు ఆండ్రాయిడ్ ఫోన్, అందులో తెర మీది అక్షరాలను చదివి వినిపించే టాక్‌బ్యాక్. లెక్చరర్ గారు క్లాసు వాట్సాప్ గ్రూపులో ఎకనామిక్స్ నోట్స్ పీడీఎఫ్ పెట్టారు. మిగతావాళ్లు తెరిచి చదువుకున్నారు. ఆమె తెరిస్తే ఫోన్ అర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలు వల్లిస్తుంది, లేదంటే అసలు నోరే విప్పదు.

ఫోన్‌లో లోపం లేదు, టాక్‌బ్యాక్‌కు తెలుగూ వచ్చు. లోపం ఫైల్‌లో ఉంది. వికలాంగుల చదువుకు టెక్నాలజీ అనగానే లక్షల రూపాయల పరికరాలు గుర్తొస్తాయి కానీ, మన కాలేజీల్లో మొదటి అడ్డంకి చాలాసార్లు ఇలాంటి ఫైలే.

ఫోన్ ఎందుకు చదవలేదు?

తెలుగు డీటీపీలో అను ఫాంట్ల వాడకం ఎక్కువ. నోట్సులు, గైడ్లు, ప్రశ్నపత్రాలు ఎన్నో వాటిలోనే తయారయ్యాయి. ఆ ఫాంట్లలో మన కంటికి కనిపించేది తెలుగు, కంప్యూటర్ లోపల నమోదయ్యేది మాత్రం ఇంగ్లిష్ అక్షరాల కోడ్. ఫాంటు అనేది బొమ్మ తొడుగు లాంటిది. స్క్రీన్ రీడర్ తొడుగును చూడదు, లోపలి కోడ్‌నే చదువుతుంది. యూనికోడ్‌లో టైప్ చేస్తే ఈ బాధ ఉండదు. మనం రోజూ ఫోన్‌లో జీబోర్డుతో కొట్టే తెలుగు యూనికోడే.

రెండో రకం, పుస్తకం పేజీని ఫోన్‌తో ఫొటో తీసి చేసిన పీడీఎఫ్. అందులో అక్షరాలే లేవు, బొమ్మ మాత్రమే ఉంది.

మీ ఫైల్ ఏ రకమో తెలుసుకోవడానికి నిపుణులు అక్కర్లేదు. నాలుగు లైన్లు కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేయండి. తెలుగు తెలుగుగానే వస్తే మంచిది. పిచ్చి ఇంగ్లిష్ అక్షరాలు వస్తే అది పాత ఫాంటు. అసలు సెలెక్టే కాకపోతే ఫొటో. యూనికోడ్‌లో టైప్ చేసినా పీడీఎఫ్‌గా మార్చినప్పుడు ఒత్తులు, గుణింతాలు చెదిరిపోవడం తెలుగులో మామూలే. అందుకే పీడీఎఫ్‌తో పాటు అసలు వర్డ్ ఫైల్ కూడా పంపమని అడగడం ఉత్తమం. లెక్చరర్‌కు అది అరనిమిషం పని.

ఫొటో పీడీఎఫ్ తప్ప వేరే దారి లేకపోతే దాన్ని గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించి గూగుల్ డాక్స్‌తో తెరవండి. బొమ్మలోని తెలుగును చాలావరకు అక్షరాలుగా మారుస్తుంది. పట్టికలు, లెక్కలు మాత్రం గందరగోళమవుతాయి. పరీక్షకు చదివే ముందు చూపున్న స్నేహితులు ఎవరైనా ఒకసారి సరిచూడాలి.

పుస్తకాన్ని ఇలా మార్చుకుంటే కాపీరైట్ ఉల్లంఘన అవుతుందేమోనని కొందరు లెక్చరర్లు వెనకాడతారు. అవ్వదు. 2012లో సవరించిన కాపీరైట్ చట్టం వికలాంగుల చదువు కోసం, లాభాపేక్ష లేకుండా చేసే మార్పిడికి మినహాయింపు ఇచ్చింది. ఈ విషయంపై వచ్చిన మర్రకేష్ అంతర్జాతీయ ఒప్పందాన్ని 2014లో అందరికంటే ముందు ఆమోదించిన దేశం మనదే. అలా మార్చిన పుస్తకాల కోసం 2016 ఆగస్టులో మొదలైన సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ లైబ్రరీ ఉంది. అచ్చు పుస్తకం చదవలేని వాళ్లు ధ్రువపత్రం చూపి సభ్యులు కావచ్చు.

మచిలీపట్నం కుర్రాడు గెలిచిన కేసు

ఈ జిల్లాకు ఈ చర్చ కొత్తేమీ కాదు. మచిలీపట్నం దగ్గరి సీతారామపురంలో పుట్టిన బొల్లా శ్రీకాంత్‌కు పుట్టుకతోనే చూపు లేదు. పదో తరగతి తర్వాత సైన్స్ గ్రూపు చదువుతానంటే కుదరదన్నారు. ఆయన కోర్టుకు వెళ్లి సీటు తెచ్చుకున్నారు. పాఠ్యపుస్తకాలను ఆడియోగా మార్చుకుని విని, ఇంటర్‌లో 98 శాతం మార్కులు సాధించారు. అమెరికాలోని ఎంఐటీలో చదివి వచ్చి 2012లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టారు. 2024లో ఆయన జీవితంపై హిందీ సినిమా వచ్చింది.

సినిమాకు పనికొచ్చేది ఎంఐటీ కథ. మన కాలేజీలకు పనికొచ్చేది మాత్రం ఆ ఆడియో పుస్తకాలు. పాఠం చెవికి అందింది, మార్కులు వచ్చాయి. అప్పట్లో దానికి కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. ఇప్పుడు చట్టం ఉంది.

చట్టం ఏమంటోంది?

వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చి, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. 21 రకాల వైకల్యాలను గుర్తించింది. డిస్లెక్సియా వంటి అభ్యసన వైకల్యాలు కూడా వాటిలో ఉన్నాయి.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. ఉన్నత విద్యలో 5 శాతం సీట్ల రిజర్వేషన్ ప్రభుత్వ, ఎయిడెడ్ సంస్థలకే వర్తిస్తుంది. కానీ విద్యార్థి అవసరానికి తగ్గ సర్దుబాట్లు చేయాలన్న 16వ సెక్షన్ ప్రభుత్వ నిధులు పొందే సంస్థలతో పాటు ప్రభుత్వ గుర్తింపు ఉన్నవాటికీ వర్తిస్తుంది. కాబట్టి ‘మాది ప్రైవేటు కాలేజీ, మాకు సంబంధం లేదు’ అన్న జవాబు చెల్లదు.

చట్టంలో ఒక వెలితి కూడా ఉంది. పుస్తకాలు, సహాయ పరికరాలు ఉచితంగా ఇవ్వాలన్న నిబంధన 18 ఏళ్ల వరకే. అంటే సరిగ్గా డిగ్రీలో అడుగుపెట్టే సమయానికి ఆ హక్కు ఆగిపోతుంది. పరీక్షల్లో అదనపు సమయం, లేఖకుడి వంటి మార్పులకు మాత్రం ఆ వయసు పరిమితి లేదు.

భవనాలు, వెబ్‌సైట్లు అందరికీ అందుబాటులో ఉండాలన్న ప్రమాణాలు చాలాకాలం సూచనల్లాగే మిగిలిపోయాయి. 2024 నవంబర్ 8న రాజీవ్ రతూరీ కేసులో సుప్రీంకోర్టు ఆ నిబంధనను కొట్టేసి, తప్పనిసరిగా పాటించాల్సిన కనీస ప్రమాణాలు రూపొందించాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదికల్లో ఒకటి హైదరాబాద్‌లోని నల్సార్ విశ్వవిద్యాలయం తయారుచేసింది. 2025 ఏప్రిల్ 30న మరో తీర్పులో డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమని చెప్పింది. బొమ్మ క్యాప్చా దాటలేక అడ్మిషన్ ఫారం దగ్గరే ఆగిపోయే విద్యార్థికి ఈ తీర్పు పనికొస్తుంది.

ల్యాబ్‌లో, క్లాసులో

కంప్యూటర్ ల్యాబ్‌కు ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొనాల్సిన పని లేదు. ఆస్ట్రేలియాలో ఇద్దరు అంధ మిత్రులు 2006లో మొదలుపెట్టిన ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ పూర్తిగా ఉచితం. దాంతో వచ్చే ఈస్పీక్ గొంతు తెలుగు కూడా చదువుతుంది. గొంతు మరమనిషిలా ఉంటుంది, మొదటి వారం విసుగొస్తుంది, తర్వాత అలవాటవుతుంది. ఇన్‌స్టాల్ చేసే అధికారం లేదని ల్యాబ్ అసిస్టెంట్ అంటే, దాని పోర్టబుల్ కాపీని పెన్‌డ్రైవ్ నుంచే నడపొచ్చు.

ఒక చేత్తో టైప్ చేసేవాళ్లకు విండోస్‌లో స్టిక్కీ కీస్ ఉంటుంది. షిఫ్ట్ మీటను వరసగా ఐదుసార్లు నొక్కితే వస్తుంది. మరి ల్యాబ్ మేడ మీద ఉండి లిఫ్టు లేకపోతే? ఆ బ్యాచ్‌కు రెండు కంప్యూటర్లు కింది గదిలోకి దించడమే పరిష్కారం. దీన్ని అడగడానికి మొహమాటపడకండి. చట్టం చెప్పే సర్దుబాటు అంటే ఇదే.

వినపడని విద్యార్థుల సంగతి ఎక్కువగా మరుగున పడుతుంది, ఎందుకంటే వాళ్లు అందరితో పాటు బెంచీలో కూర్చునే ఉంటారు. మాటను అప్పటికప్పుడు అక్షరాలుగా చూపించే గూగుల్ లైవ్ ట్రాన్స్‌క్రైబ్ తెలుగులోనూ పనిచేస్తుంది, రెండు భాషలు ఎంచుకోవచ్చు. అయితే నాలుగో బెంచీలో, ఫ్యాన్ల హోరులో, లెక్చరర్ బోర్డు వైపు తిరిగి మాట్లాడుతుంటే అది చేతులెత్తేస్తుంది. కాలర్ మైకు వాడితే ఎంతో తేడా ఉంటుంది. అదీ లేకపోతే ముందు బెంచీ, విద్యార్థుల వైపు తిరిగి మాట్లాడే లెక్చరర్ ఉండాలి.

పరీక్షల్లో

కేంద్రం 2018 ఆగస్టు 29న ఇచ్చిన మార్గదర్శకాల్లో లేఖకుడు, గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఉన్నాయి. మూడు గంటల పేపరుకు మరో గంట అన్నమాట. వీలైనంత వరకు కంప్యూటర్, బ్రెయిలీ, పెద్ద అక్షరాల్లాంటి పద్ధతుల్లో ఒకటి ఎంచుకోనివ్వాలని, కంప్యూటర్ కోరుకుంటే ఒకరోజు ముందే దాన్ని పరీక్షించుకోనివ్వాలని కూడా చెప్పింది. వైకల్యం 40 శాతం కంటే తక్కువున్నా రాయలేని ఇబ్బంది ఉంటే లేఖకుడిని ఇవ్వాలని 2021లో వికాశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది, 2022లో దానికీ మార్గదర్శకాలు వచ్చాయి. వీటిలో మార్పులు వస్తుంటాయి కాబట్టి తాజా సర్క్యులర్ ఏదో యూనివర్సిటీ పరీక్షల విభాగంలో కనుక్కోండి.

హాల్‌టికెట్ వచ్చాక పరిగెత్తడం కంటే, పరీక్ష ఫీజు కట్టేటప్పుడే లేఖకుడి కోసం రాతపూర్వకంగా అడగడం మేలు.

ఎవరిని, ఎలా అడగాలి?

ముందు కావాల్సింది వైకల్య ధ్రువపత్రం. సదరం స్లాటు గ్రామ, వార్డు సచివాలయంలో లేదా మీసేవలో బుక్ చేసుకోవచ్చు. దేశమంతా చెల్లే యూడీఐడీ కార్డుకు స్వావలంబన్ పోర్టల్ ఉంది. లాప్‌టాప్‌లు, టచ్ ఫోన్ల వంటివి విభిన్న ప్రతిభావంతులు, వయోవృద్ధుల సహాయ సంస్థ ద్వారా వస్తాయి. చల్లపల్లి వాళ్లయితే మచిలీపట్నంలోని జిల్లా సంక్షేమ శాఖ కార్యాలయంలో నోటిఫికేషన్ ఎప్పుడో కనుక్కుంటూ ఉండాలి.

కాలేజీలో ప్రిన్సిపాల్‌కు రాసే లేఖలో ‘సదుపాయాలు కల్పించగలరు’ అని వదిలేయకండి. ఏ సబ్జెక్టు నోట్స్ వర్డ్ ఫైల్‌గా కావాలి, ల్యాబ్‌లో ఏ కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ ఉండాలి, ఏ తేదీలోగా కావాలి అని రాయండి. రెండు కాపీలు చేసి, ఒకదానిపై రసీదు ముద్ర వేయించుకోండి.

వెళ్లేముందు ఇంకో పని చేయండి. న్యాక్ గుర్తింపు కోసం కాలేజీలు స్వీయ అధ్యయన నివేదిక సమర్పిస్తాయి, దాన్ని తమ వెబ్‌సైట్‌లోనూ పెడతాయి. ర్యాంపులు, స్క్రీన్ రీడింగ్ సాఫ్ట్‌వేర్, లేఖకులు, సాఫ్ట్ కాపీలు ఉన్నాయా అన్న ప్రశ్న కొన్నేళ్లుగా అందులో ఉంది. మీ కాలేజీ ‘ఉన్నాయి’ అని రాసి ఉంటే ఆ పేజీ ప్రింట్ తీసి లేఖకు జత చేయండి. ఉన్నాయని రాసిచ్చిన సంస్థ లేవని చెప్పడం కష్టం.

జవాబు రాకపోతే ప్రభుత్వ కాలేజీలో ఈ చట్టం కింద నియమించాల్సిన ఫిర్యాదుల పరిష్కార అధికారి ఎవరో అడగండి. ఆ తర్వాత సోమవారాల్లో కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంది. అక్కడా తేలకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు రాయొచ్చు. సాక్షులను పిలిపించడంలో, పత్రాలు తెప్పించడంలో కమిషనర్‌కు సివిల్ కోర్టు అధికారాలు ఉంటాయి. కమిషనర్ సిఫారసు చేస్తే సంబంధిత సంస్థ చర్య తీసుకుని మూడు నెలల్లో తెలపాలి. చట్టాన్ని ఉల్లంఘిస్తే తొలిసారి 10,000 రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50,000 నుంచి 5 లక్షల రూపాయల వరకు జరిమానా ఉంటుంది.