పుల్లరి నుంచి పట్టా వరకు: అంతర్గత భద్రత చదువు – ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం



నరసరావుపేటలో ఒక ఆదివారం సంపర్క తరగతి ముగిశాక, శావల్యాపురం నుంచి వచ్చే విద్యార్థి ఒకరు నా దగ్గరకు వచ్చారు. "సార్, మా బావ రైల్వే రక్షక దళంలో ఉన్నాడండీ. నేనూ ఆ దారిలోకే వెళ్దామనుకుంటున్నాను. అమెరికాలో హోంల్యాండ్ సెక్యూరిటీ అని డిగ్రీయే ఉందంట. మన దగ్గరా అలాంటిది ఉంటే, నాకీ చరిత్ర బి.ఏ. ఎందుకు చెప్పండి?" అని అడిగారు. నరసరావుపేటలో రైలెక్కాల్సిన తొందరలో ఉన్నారాయన. నేను ఏదో సర్దిచెప్పి పంపేశాను. ఇంటికి వెళ్లాక ఆ జవాబు నాకే నచ్చలేదు. ఆయన అడిగినదానికి నింపాదిగా చెప్పవలసిన సమాధానమే ఈ పాఠం.

పేరు ఎక్కడిది?

2001 సెప్టెంబరు 11 దాడుల తరువాత, 2002 నవంబరులో అమెరికా ఒక చట్టం చేసింది. దాని ప్రకారం ఏర్పడిన హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ 2003 మార్చి 1 నుంచి పూర్తిస్థాయిలో పనిచేయసాగింది. సరిహద్దుల కాపలా, విమానాశ్రయాల తనిఖీ, విపత్తుల సహాయం వంటి పనులు చేసే 22 సంస్థలను ఈ ఒక్క శాఖ కిందికి తెచ్చారు. శాఖ పుట్టాక అందులో పనిచేసేవారు కావాలి కనుక విశ్వవిద్యాలయాలు ఆ పేరుతో డిగ్రీలు తెరిచాయి. అంటే ఇక్కడ శాస్త్రం ముందు పుట్టి శాఖ తరువాత రాలేదు, శాఖ వెంట చదువు వచ్చింది. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరకు వస్తాం.

మన దేశంలో గుజరాత్ ప్రభుత్వం 2009లో రక్షాశక్తి విశ్వవిద్యాలయాన్ని స్థాపించింది. 2020లో పార్లమెంటు చేసిన చట్టంతో అది రాష్ట్రీయ రక్షా విశ్వవిద్యాలయంగా మారి, జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. గాంధీనగర్ జిల్లా లవాడ్‌లో ఉన్న ఈ సంస్థలో ఇంటర్ తరువాత చేరగల కోర్సులు ఉన్నాయి. జోధ్‌పూర్‌లో సర్దార్ పటేల్ పేరిట పోలీసు విశ్వవిద్యాలయం మరొకటి ఉంది. కాబట్టి మన విద్యార్థి విన్నది నిజమే. అయితే హోంల్యాండ్ అనే మాటకు సరిపోయే తెలుగు మాట మనకు లేదు. మనం శాంతిభద్రతలు అంటాం, పరిపాలన గ్రంథాలు అంతర్గత భద్రత అంటాయి. పేరు కొత్తదే కానీ ఆ పని మన జిల్లాలకు చాలా పాతది.

కిస్తు, లాఠీ ఒకే చేతిలో

పందొమ్మిదో శతాబ్దం మధ్య వరకు మద్రాసు ప్రెసిడెన్సీలో శిస్తు వసూలు చేసే తహశీల్దారే పోలీసు అధికారి కూడా. కిస్తు కట్టలేని రైతును ఎండలో నిలబెట్టడం, మెడకూ కాలికీ తాడు కట్టి వంచడం, చేతిని చెక్కల మధ్య బిగించడం మామూలుగా జరిగేవి. వీటిపై విచారణకు వేసిన కమిషన్ 1855లో నివేదిక ఇచ్చింది. వసూలు అధికారం, పోలీసు అధికారం ఒకే చేతిలో ఉండటం ఈ హింసకు ముఖ్య కారణమని ఆ విచారణ బయటపెట్టింది. ఆ తరువాత వచ్చిన 1859 మద్రాసు పోలీసు చట్టం పోలీసును రెవెన్యూ నుంచి వేరుచేసింది. మనకు తెలిసిన ఠాణా, యూనిఫాం, ఇన్‌స్పెక్టర్ హోదా ఈ మార్పుతో వచ్చినవే.

అయితే వేరుచేసింది ఉద్యోగాలనే. పన్ను కట్టనివారిని శాంతిభద్రతల సమస్యగా చూసే అలవాటు అలాగే ఉండిపోయింది. దానికి పల్నాడే సాక్ష్యం.

పల్నాడు, 1921–22

ముందు ఒక వివరణ. నేటి పల్నాడు జిల్లా 2022 ఏప్రిల్‌లో ఏర్పడింది. ఆనాటి పల్నాడు తాలూకా అంటే గురజాల, మాచర్ల ప్రాంతం. శావల్యాపురం వినుకొండ వైపుది. ఉద్యమ కేంద్రం దానికి ఉత్తరాన ఉండేది.

1882 మద్రాసు అటవీ చట్టం కింద ఊరి పక్కనున్న అడవి రిజర్వు అయింది. తాతల నాటి నుంచి పశువులు మేసిన చోట మేపడానికి తలకింతని పుల్లరి కట్టాల్సి వచ్చింది. వాన తక్కువ, పాడి మీదే బతుకు. సహాయ నిరాకరణ ఉద్యమం ఊపందుకున్న 1921లో పల్నాటి రైతులు పుల్లరి కట్టడం మానేశారు, పశువులను అడవిలోకి తోలారు. వచ్చిన ఉద్యోగులకు చాకలి, మంగలి పని చేయవద్దనీ, సరుకులు అమ్మవద్దనీ ఊళ్లు కట్టుబాటు చేసుకున్నాయి. పరిస్థితిని విచారించడానికి వెళ్లిన ఉన్నవ లక్ష్మీనారాయణను ప్రభుత్వం జైలుకు పంపింది. మాలపల్లి నవల ఆయన జైల్లో రాసినదే. దానిపైనా తరువాత నిషేధం పెట్టారు. శాంతిభద్రతల పేరుతో ఒక పుల్లరి తగాదా నవల వరకు వెళ్లిందన్నమాట.

1922 ఫిబ్రవరి 12న బార్డోలీలో ఉద్యమాన్ని ఆపాలని తీర్మానించారు. అదే నెలలో, ఆ తరువాత, మించాలపాడులో పోలీసులు జరిపిన కాల్పుల్లో కన్నెగంటి హనుమంతు చనిపోయారు. ఆయన పేరు మీకు తెలుసు, విగ్రహం చూసే ఉంటారు. ఇక్కడ నేను అడిగేది వేరు. ఆ రోజు తుపాకీ పట్టిన జవాన్ల ఇళ్లలో మాత్రం గొడ్లు లేవా? వాళ్ల ఊళ్లకు అడవి లేదా? వారిలో ఎవరి కథనూ మనం చదవలేదు. మనకు దొరికే కాగితాల్లో ఎక్కువ భాగం వారి పై అధికారులు రాసినవే. ఆ కాగితాల్లో మేత కోసం వెళ్లిన రైతు 'గుంపు' అవుతాడు.

మాటల సంగతి వచ్చింది కనుక ఇంకొకటి. అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై దాడి చేసి మొదలుపెట్టిన పోరాటాన్ని రంప పితూరీ అన్నారు. మన ఇళ్లలో పితూరీ అంటే ఫిర్యాదు, ఒకరి మీద ఒకరు చెప్పుకునేది. ఒకే మాటకు ఫిర్యాదు, తిరుగుబాటు రెండు అర్థాలూ ఉన్నాయి. వినేవారు లేని ఫిర్యాదు ఎక్కడికి చేరుతుందో మన్యంలో చూశాం. అణచడానికి మలబార్ స్పెషల్ పోలీసును, అస్సాం రైఫిల్స్‌ను దించారు. ఊరికీ భాషకూ సంబంధం లేని బలగాన్ని బయటి నుంచి తెచ్చే పద్ధతి స్వాతంత్ర్యం తరువాతా కొనసాగింది.

కాపలా కాసింది ప్రభుత్వం ఒక్కటే కాదు. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ సమావేశం జరిగినప్పుడు జనసందోహాన్ని అదుపులో ఉంచింది దుగ్గిరాల గోపాలకృష్ణయ్య రామదండు. పెదనందిపాడు పన్నుల నిరాకరణలో పర్వతనేని వీరయ్య చౌదరి నడిపిన శాంతిసేన ఊళ్లలో క్రమశిక్షణ కాపాడింది. భద్రత చదివే విద్యార్థి ఈ రెండు దళాల గురించి తప్పక చదవాలని నా అభిప్రాయం.

1948 తరువాత

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదు సంస్థానంలోకి ప్రవేశించింది. యుద్ధ ట్యాంకులతో జరిగినా దానికి 'పోలీసు చర్య' అని పేరు. ఆ చర్య సాగుతున్న 15వ తేదీనే మౌంట్ ఆబూలో ఐ.పి.ఎస్. అధికారుల శిక్షణ కళాశాల మొదలైంది. అదే 1975లో హైదరాబాదుకు వచ్చి, నేడు సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ జాతీయ పోలీసు అకాడమీగా ఉంది. రాజ్యాంగం పోలీసును, శాంతిభద్రతలను రాష్ట్ర జాబితాలో ఉంచింది. కేంద్ర బలగాలను రాష్ట్రాలకు పంపే అంశం 1976లో 42వ సవరణతో కేంద్ర జాబితాలో చేరింది.

మళ్లీ పల్నాడుకే వద్దాం. పిడుగురాళ్ల దగ్గర గుత్తికొండ బిలం ఉంది. 1969లో చారు మజుందార్ ఆంధ్ర నాయకులను కలిసింది అక్కడే. 1989లో కె.ఎస్. వ్యాస్ గ్రేహౌండ్స్‌ను తీర్చిదిద్దారు. 1993లో ఆయనను నక్సలైట్లు హైదరాబాదులో కాల్చి చంపారు. 2004 అక్టోబరులో ప్రభుత్వంతో చర్చలకు అడవి నుంచి బయటికి వచ్చిన నాయకులు అదే గుత్తికొండ దగ్గర బహిరంగ సభ పెట్టారు. చర్చలు నిలబడలేదు. ఆ దశాబ్దాల్లో మా తరం రాత్రి బస్సుల్లో ప్రయాణించిందంటే మధ్యలో ఎవరో ఒకరు ఆపి సంచులు వెతకడం తప్పనిసరి. ఆపింది ఏ పక్షమో టార్చిలైటు వెలుగులో వెంటనే తెలిసేది కాదు. ఒకే ఊళ్లో ఒక ఇంటి కొడుకు అడవిలో, పక్కింటి కొడుకు కానిస్టేబులుగా ఉన్న కాలమది.

చదువు ఏం చేయాలి?

అమెరికాలో శాఖ వెంట చదువు వచ్చిందని చెప్పాను. ఆ చదువు ఉగ్రవాదం చుట్టూ తిరిగింది. 2005లో కత్రినా తుపాను వచ్చినప్పుడు అదే శాఖలో కలిసిపోయిన విపత్తు సహాయ సంస్థ తడబడింది. మనకు 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన గుర్తుంది, వేలమంది కొట్టుకుపోయారు. శత్రువు కోసమే వెతికే భద్రతకు సముద్రం కనిపించదు.

శిక్షణ కళాశాల చట్టం, కవాతు, ఆయుధం నేర్పుతుంది, అది అవసరమే. ఎవరిని ఎవరి నుంచి కాపాడుతున్నాం, ఈ చట్టం ఎందుకు వచ్చింది, ఈ ఊరు మనల్ని చూసి తలుపెందుకు వేసుకుంటుంది అని అడగడానికి అక్కడ సమయం చాలదు. డిగ్రీ మూడేళ్లు అందుకు ఉన్నాయి. భద్రత పేరుతో వచ్చే డిగ్రీలో 1855 నివేదిక, పుల్లరి ఉద్యమం లేకపోతే అది ఫీజు ఎక్కువైన శిక్షణ మాత్రమే అంటాను. కొందరు సహాధ్యాపకులు ఇది కటువైన మాట అంటారు, అననివ్వండి.

శావల్యాపురం విద్యార్థికి ఉద్యోగం సంగతి కూడా ముఖ్యమే కదా. మన రాష్ట్రంలో కానిస్టేబులుకు ఇంటర్, ఎస్.ఐ.కి ఏదైనా డిగ్రీ అర్హత. కేంద్ర సాయుధ బలగాల అసిస్టెంట్ కమాండెంట్ పరీక్షకూ ఏదైనా డిగ్రీ చాలు. సివిల్స్ మెయిన్స్ మూడో జనరల్ స్టడీస్ పేపరులో 2013 నుంచి అంతర్గత భద్రత ఒక భాగం. అందుచేత గాంధీనగర్ వెళ్లే స్తోమత, కోరిక ఉంటే వెళ్లండి బాబూ, మంచిదే. లేదంటే మీ బి.ఏ.తో ఏ తలుపూ మూసుకుపోదు. ఏ దారిలో వెళ్లినా ఒకసారి మించాలపాడు వెళ్లి రండి. శావల్యాపురం నుంచి పిడుగురాళ్ల వైపు కొత్త రైలు మార్గం కూడా వేశారు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 1855 విచారణకూ 1859 పోలీసు చట్టానికీ గల సంబంధాన్ని వివరించండి.

2. రామదండు, శాంతిసేనలను మలబార్ స్పెషల్ పోలీసుతో పోల్చి రెండు పుటలు రాయండి.

3. మీ ఊళ్లో డెబ్బై ఏళ్లు దాటిన ఇద్దరిని కలవండి. పుల్లరి గురించి, ఠాణా గురించి తమ పెద్దల నుంచి ఏం విన్నారో వారి మాటల్లోనే రాసుకోండి. సంపర్క తరగతికి ఆ కాగితం తెచ్చేటప్పుడు వారి పేర్లు మాత్రం రాయకండి.