కాలిన పిల్లల కొలతలు

1989 మార్చి 3న జంషెడ్‌పూర్‌లో, జంషెట్‌జీ టాటా 150వ జయంతి వేడుకల్లో షామియానా అంటుకుంది. 60 మంది పోయారు. పరిహారం లెక్క సుప్రీంకోర్టులో 2001 దాకా నలిగింది. అయిదు నుంచి పదేళ్ల బిడ్డ ప్రాణానికి రెండు లక్షలు కట్టారు. పదేళ్లు దాటిన పిల్లలకి ఇంకా ఎక్కువ. టాటా కంపెనీలో ఉద్యోగి పిల్లల్లో ఒకరికి కొలువిచ్చే ఆనవాయితీ ఉండేది మరి! పోయిన బిడ్డకి అలా ఏదో ఒక లెక్క కుదిరింది. కాలి బతికిన బిడ్డ విషయంలో అప్పటి డాక్టర్ల చేతిలో ఉన్నది ప్రధానంగా ఒంటి మీద కాలిన శాతమే.

ఆ శాతానికి పెద్ద చరిత్రే ఉంది. 1942లో బోస్టన్‌లో కోకోనట్ గ్రోవ్ క్లబ్బు తగలబడి 492 మంది చనిపోయారు. రెండేళ్లకి అక్కడి వైద్యులు లండ్, బ్రౌడర్ వయసువారీ పటం గీశారు. పెద్దవాళ్ల తల ఒంట్లో 7 శాతమైతే పసిగుడ్డుది 19. 1961 నాటి బో లెక్క వయసునీ శాతాన్నీ కలిపి, మనిషి దక్కుతాడా లేదా అని చెప్పేది. దక్కాక ఎలా బతుకుతాడన్నది దానికి పట్టదు. 1982లో ఆ ప్రశ్న అడిగారు గానీ, పెద్దవాళ్లని.

పిల్లల వంతు 2000లో వచ్చింది. అమెరికా కాలినగాయాల సంఘం, ష్రైనర్స్ ఆసుపత్రులు కలిసి అయిదు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లకి ప్రశ్నావళి తయారుచేశాయి. నొప్పి, దురద, రూపం, బడికి తిరిగెళ్లడం, ఇంట్లోవాళ్ల దిగులు అన్నీ అందులో ఉన్నాయి. పదకొండేళ్లు నిండితే పిల్లలే జవాబు రాయొచ్చు.

2002లో అయిదేళ్లలోపు వాళ్లకీ ప్రశ్నావళి వచ్చింది. నాకు బాగా నచ్చింది ఇదే. రెండేళ్లవాడు కాలకపోయినా నెలనెలా కొత్త మాటలు నేరుస్తాడు, కొత్త ఆటలు పడతాడు. అందుకని పెరిగిన మార్కులన్నీ వైద్యం ఖాతాలో వేయకుండా, కాలని పిల్లలతో పోల్చి చూశారు. పైగా బిడ్డ ఎదిగినంతగా మచ్చ సాగదు. నిరుడు చాచిన మోచెయ్యి ఈ ఏడు బిగుసుకుపోవచ్చు. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపిన రోజు కొలిచి వదిలేస్తే ఏం తెలుస్తుంది?

జంషెడ్‌పూర్‌లో టాటానగర్ స్టేషన్ పక్కనున్న బాగ్‌బేరాలో తెలుగువాళ్ల పిల్లని అడగాలంటే ఈ జాబితాకి ఇంకొన్ని కలపాలంటాను: కింద కూర్చుని అన్నం కలుపుకోగలుగుతోందా, రాత్రి దురదకి ఎన్నిసార్లు లేస్తోంది, పెళ్లిళ్లకి తీసుకెళ్తున్నారా, ఇంట్లోనే ఉంచేస్తున్నారా?