హృదయమును నొక్కు నీరు: ఒక చికిత్స చరిత్ర

మన హృదయమును రెండు పొరల సంచి యొకటి చుట్టియున్నది. దీనికి హృదయావరణమని పేరు. ఈ పొరల నడుమ 15 మొదలు 50 మిల్లీలీటర్ల ద్రవము సహజముగనే యుండి, గుండె కదలికలో ఒరపిడి లేకుండ కాపాడుచుండును. క్షయ, క్యాన్సరు, మూత్రపిండముల వైఫల్యము, గాయము మున్నగు కారణములచే అందు ద్రవమో రక్తమో అధికముగా చేరినచో, సంచి వెంటనే సాగజాలదు. ఆ ఒత్తిడి గుండెపై పడును. నొక్కబడిన గుండె నిండజాలదు. నిండని గుండె రక్తమును పంపజాలదు. నెలల తరబడి మెల్లగా చేరిన లీటరు ద్రవమునైనను ఓర్చుకొను హృదయమునకు, హఠాత్తుగా చేరిన 200 మిల్లీలీటర్లే ప్రాణాంతకము కావచ్చును.

ఈ సంగతిని 1669లోనే ఆంగ్ల వైద్యుడు రిచర్డ్ లోయర్ తన హృదయ గ్రంథమున వివరించెను. కాని కారణము తెలిసినంతమాత్రమున చికిత్స లభింపలేదు. వియన్నా నగరమున ఫ్రాంజ్ షూ గొట్టపు సూదితో ఆ ద్రవమును వెలికి తీసినది 1840లో. నడుమ 171 సంవత్సరములు గడచినవి. 1884లో ఎడ్మండ్ రోజ్ ఈ స్థితికి ‘టాంపొనేడ్’ అను పేరు పెట్టెను. 1935లో అమెరికా శస్త్రవైద్యుడు క్లాడ్ బెక్ మూడు గుర్తులను చెప్పెను: రక్తపోటు పడిపోవుట, సిరలలో ఒత్తిడి పెరుగుట, గుండె చప్పుడు మందగించుట.

అయినను సూది గ్రుడ్డిదిగనే యుండెను. వైద్యుడు చేతి అనుభవమునే నమ్ముకొని గ్రుచ్చవలెను. అది గుండెకే తగులు భయము కలదు. 1953లో స్వీడనునందు ఎడ్లర్, హెర్ట్జ్ అనువారు ధ్వనితరంగములతో గుండెను పరీక్షించు పద్ధతిని ప్రారంభించిరి. 1965లో ఫైగెన్‌బామ్ ఆ పద్ధతితో ద్రవమును గుర్తింపవచ్చునని చూపెను. 1979 మొదలు 21 ఏండ్లలో మేయో క్లినిక్ వైద్యులు ఈ సాయముతో 1,127 పర్యాయములు ద్రవమును తీయగా, 97 శాతము సఫలమయ్యెను. కత్తిపోటు వంటి గాయములకు మాత్రము సాధారణముగా శస్త్రచికిత్సయే శరణ్యము.

విశేషమేమన, కొద్దిపాటి ద్రవము తీసినను పలుమారు రోగి తక్షణమే తేరుకొనును. మూడు శతాబ్దుల కృషి ఫలితము నేడు మనకు అందుబాటులో నున్నది. మెడ సిరలు ఉబ్బి, ఊపిరాడక, స్పృహ తప్పుచున్న మనిషిని ‘వాయువు’ అని ఇంటనే పడుకొనబెట్టినచో ఆ కృషి యంతయు మన గడప వెలుపలనే నిలిచిపోవును. ఆలస్యము చేయక ఆసుపత్రికి చేర్చుటయే మనవంతు చికిత్స.