మెయిన్ లేని కొళాయి

క్రిందటి ఆదివారం వంటింటి కొళాయి మార్చడానికి పూనుకున్నాను. మా ఆవిడ ఒక్కటే మాట అంది: "ముందు మెయిన్ కట్టేయండి." కట్టాననే అనుకున్నాను. తడిసిన లాల్చీ పిండుకుంటూ కూర్చున్నప్పుడు నాకు రాయల్ జార్జి గుర్తుకొచ్చింది.

రాయల్ జార్జి ఇంగ్లండువారి తెరచాప యుద్ధనౌక. 1756లో నీళ్లలోకి దిగింది. వంద ఫిరంగులు! డెక్కులు కడగడానికి సముద్రపు నీళ్లు తెచ్చే గొట్టం ఒకటి ఓడ కుడిపక్కన, నీటిమట్టానికి సుమారు మూడడుగుల దిగువన ఉండేది. దాని కొళాయి పాడైంది. ఇంటికైతే మెయిన్ ఉంటుంది. ఓడకి సముద్రమే మెయిన్. దాన్ని కట్టేదెవరు?

పద్ధతిగా అయితే ఓడను డాక్‌లో పెట్టి మార్చాలి. అంత వ్యవధి లేదు. ముట్టడిలో చిక్కుకున్న జిబ్రాల్టరుకి సాయం వెళ్లాలి. అందుకని 1782 ఆగస్టు 29 ఉదయం, పోర్ట్స్‌మత్ ఎదుట లంగరు వేసినచోటనే ఓడను ఎడమకి ఒరిగించారు. కుడివైపు ఫిరంగుల్ని మధ్యకి లాగారు, ఎడమవైపువాటిని కిటికీల్లోంచి బయటికి తోశారు. గొట్టం మూతి నీళ్లపైకి తేలింది. ఆ రోజుల్లో ఇలా ఒరిగించడం మామూలే లెండి.

ఎటొచ్చీ, ఒరిగిన పక్కనే ఒక చిన్న ఓడ వచ్చి ఆగింది. అందులోంచి రమ్ము పీపాలు ఎక్కిస్తున్నారు. లోపల నావికులే కాదు, వాళ్లని చూడవచ్చిన ఆడవాళ్లూ పిల్లలూ కూడా వందల్లో ఉన్నారు. ఫిరంగి కిటికీల్లోంచి నీళ్లొస్తున్నాయని ఓడ వడ్రంగి వెళ్లి లెఫ్టినెంటుతో చెప్పాడు. ఆయన విసుక్కుని పొమ్మన్నాడు. వడ్రంగి మళ్లీ వెళ్లాడు. మళ్లీ అదే వరస. బతికి బయటపడ్డ ఒక నావికుడు తరవాత చెప్పిన సంగతి ఇది. చివరికి ఓడను నిలబెట్టమని డప్పు కొట్టించబోయేసరికే అది బోల్తాపడింది.

800 మందికి పైగా పోయారు. అడ్మిరల్ కెంపెన్‌ఫెల్ట్ కూడా అందులోనే పోయాడు. 1758లో మన తూర్పుతీరాన, కడలూరు దగ్గర ఫ్రెంచివాళ్ల ఫిరంగులకి ఎదురు నిలిచి బతికొచ్చిన మనిషి, కొళాయి మరమ్మతులో పోయాడు!

కెప్టెను బతికాడు. విచారణ జరిగింది. కలప పుచ్చిపోయి ఓడలో ఏదో ముఖ్యభాగం విరిగిందని తేల్చి ఆయన్ని నిర్దోషిగా వదిలేశారు. కలప పుచ్చలేదని నేననను. కాని పుచ్చిన కలప బోనెక్కి ఎదురు చెప్పదు కదండీ. కిటికీలు తెరిచి ఉంచిందీ, వడ్రంగి మాట పెడచెవిని పెట్టిందీ కలప కాదు.

ఇప్పటి పడవల్లో నీటి అడుగున ఉన్న ప్రతి కన్నానికీ ఒక వాల్వు. దాని పక్కనే కన్నానికి సరిపడే మెత్తని కొయ్యబిరడా తాడుతో కట్టి ఉంచుతారు. వాల్వు మార్చాలంటే పడవను గట్టుకెక్కించడమే క్షేమం. తప్పనిసరైతే ఒకరు నీళ్లలో మునిగి బయటినుంచి బిరడా బిగిస్తారు, ఇంకొకరు లోపల పని కానిస్తారు.

నేనూ ఒక బిరడా చెక్కించి తెచ్చాను. మా ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మెయిన్ ఎటు తిప్పితే మూసుకుంటుందో అది చూపిస్తాను రండి" అంది.