విద్యార్థులును పుస్తకముల యెంపికయు

విద్యార్థి చేతికి ఏ పుస్తకము రావలయునను ప్రశ్న చిన్నదిగా గనబడును గాని, దేశముయొక్క విద్యాచరిత్ర చాలవఱకు దానిలో నిమిడియున్నది. పరీక్ష ముగిసిన మఱునాడే పుస్తకమును మూలబెట్టి మరల ముట్టనివానిని చదువుకొన్నవాడని యెట్లు చెప్పగలము? వానిని సోమరియని నిందించుట సులభము. తనకు దగిన పుస్తకము వానికెన్నడును దొరకలేదేమో యని విచారించుట న్యాయము. ఈ విచారణకు తెలుగునాటి చరిత్రయు, మద్రాసు నగరమున జరిగిన యొక మార్పును మిక్కిలి యుపకరించును.

పందొమ్మిదవ శతాబ్దమున పాఠశాలలోని బాలునకు ఎంపిక యనునదే యించుమించు లేకుండెను. పరవస్తు చిన్నయసూరి 1853లో ప్రకటించిన నీతిచంద్రిక తరతరముల విద్యార్థులకు పాఠ్యగ్రంథమయ్యెను. ఆ గ్రంథముయొక్క శైలీసౌష్ఠవమును మేము తక్కువ చేయువారము కాము. కాకి, ఎలుక, తాబేలు, లేడి వీని స్నేహకథ బాలురకు ప్రియమైనదే. అయినను కథ బాలునిది, భాష పండితునిది. సంతోషముతో జదువవలసిన బాలుడు సంధులు విడదీయుటలోనే అలసిపోయెను. తగిన పునాది గలవారికి అమృతమైన పుస్తకమే తక్కినవారికి బరువాయెను. దోషము పుస్తకమునది కాదు. ఒక్క పుస్తకమే యందఱకు దగునను తలంపునది.

పిమ్మట ద్వారములు క్రమముగా దెఱచుకొనెను. కందుకూరి వీరేశలింగము పంతులుగారి రాజశేఖర చరిత్రము 1880లో పుస్తకరూపమున వెలువడి, తెలుగు వచనమును వినోదమునకై చదువవచ్చునని చూపెను. 1901లో హైదరాబాదునందు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. 1906లో ఆ నగరముననే కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మున్నగువారు విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించిరి. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు రచించిన అబ్రహాము లింకను చరిత్రము దాని తొలిగ్రంథము. దేశచరిత్రములు, జీవశాస్త్రము, రసాయనశాస్త్రము దాని వెనుక వచ్చెను. ఇంగ్లీషు రాని యువకుడును తన మనసు మెచ్చిన విషయమును తన భాషలోనే చదువుకొను కాలము వచ్చినది.

1914లో బెజవాడయందు ఆంధ్రదేశపు గ్రంథాలయములకొక సంఘ మేర్పడెను. అయ్యంకి వెంకటరమణయ్యగారు తమ జీవితమునే ఆ యుద్యమమునకు ధారపోసిరి. 1935లో పాతూరి నాగభూషణముగారి పూనికతో పుస్తకములు పడవ నెక్కి, కాలువ వెంబడి పల్లెలకు జేరెను. ఇంతటితో పుస్తకము పాఠకుని గుమ్మమువఱకు వచ్చినది. కాని గుమ్మము దాటి మనస్సులోనికి బోవుటకు వేఱొక సాయము కావలయును.

ఆ సాయమునకు శాస్త్రరూప మొసగినవారు శియాళి రామామృత రంగనాథనుగారు. 1892లో జన్మించిన వీరు మద్రాసులో గణితోపాధ్యాయులై, 1924లో విశ్వవిద్యాలయ గ్రంథాలయాధ్యక్షులైరి. తొలిదినములలో అచ్చటి నిర్వ్యాపారము సహింపలేక మరల బోధనకే పోదమని తలంచిరట. తరువాత నింగ్లండునకు బోయి, అచ్చటి గ్రంథాలయములు సామాన్యజనులకును పిల్లలకును గూడ సేవ చేయుట గాంచి, 1925లో నూతనదృష్టితో మరలి వచ్చిరి. పాఠకులు స్వయముగా బీరువాలయొద్దకు బోయి పుస్తకములు చూచుకొను ఏర్పాటు చేసిరి. ఒక విషయమునకు సంబంధించిన గ్రంథములన్నియు ప్రక్కప్రక్కనే యుండునట్లు వర్గీకరించిరి. 1931లో ప్రకటించిన పంచసూత్రములలో రెండు మన విషయమునకు ప్రాణము వంటివి: ప్రతి పాఠకునకును వానికి దగిన పుస్తకముండవలయుననునది యొకటి, ప్రతి పుస్తకమునకును దానికి దగిన పాఠకుడు చేకూరవలయుననునది రెండవది. గ్రంథాలయాధ్యక్షుడు కావలివాడు గాక వారధి కట్టువాడని దీని తాత్పర్యము.

వారధి కట్టుటకు మొదటి పని యడుగుట. పుస్తకమడుగుటకు వచ్చిన విద్యార్థి తనకేమి కావలయునో తిన్నగా జెప్పలేడు. చరిత్ర కావలెనన్నవాడు నిజముగా కోరునది యుద్ధకథలు కావచ్చును. శాస్త్రము కావలెనన్నది నక్షత్రములను గూర్చి తెలియగోరుచుండవచ్చును. రెండు ప్రశ్నలు మెల్లగా వేసినగాని యథార్థమైన కోరిక బయటపడదు. రెండవది కొలుచుట. నడుమనున్న యొక పుటను చదివించి చూడవలయును. ఆ పుటలోనే ఐదాఱు పదములు దారికడ్డుపడినచో ఆ పుస్తకమును నిందింపక, మఱియొక యేటికి దాచి, తేలికదాని నీయవలయును. మూడవది విడిచిపెట్టుట. నచ్చని పుస్తకమును సగములో మూసివేయు స్వాతంత్ర్యము లేనివాడు రెండవ పుస్తకమును దెఱవడు.

బాలికకు వంటయు వ్రతకథలును, బాలునకు శాస్త్రమును సాహసమును అని పంచిపెట్టు పెద్దలు నేటికిని గలరు. ఇది యెంపికకు సాయము గాదు, సంకెల. పిల్ల యాసక్తిని జూచి పుస్తకము చూపవలయును గాని, పిల్ల పుట్టుకను జూచి గాదు. అట్లే పుస్తకములు చెడునను భయముతో బీరువాకు తాళము వేయు పాఠశాలలును గలవు. చేతులు మారి నలిగిన పుస్తకము తన పని తాను చేసినది. నలగని పుస్తకము చెదలకే పనికివచ్చును.

ఒకనాడు పుస్తకములు కొఱవడి విద్యార్థులు నష్టపడిరి. నేడు అచ్చులోను, చేతిఫోనులోను లెక్కకు మిక్కిలిగా నుండి, దారి చూపువారు లేక నష్టపడుచున్నారు. ఉపాధ్యాయులారా, తలిదండ్రులారా, మీరు కొనియిచ్చు పుస్తకములకంటె, పిల్లల ప్రక్క గూర్చుండి గడపు అరగంట మిన్న. తనకు దగిన పుస్తకమును తానే యెన్నుకొన నేర్చిన విద్యార్థికి ఆ పిమ్మట గురువు లేని లోటుండదు.